ఆకుపచ్చ బండికి పసుపు అతుకు

హౌకివారా
ఫిబ్రవరి, బాగా చలిగా ఉన్న సోమవారం

రాకెల్ అక్కకి,

ముందు మంచి కబుర్లు రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఇల్లు కాలిపోలేదు. బావి పంపు గడ్డకట్టలేదు. పైకప్పు మీది మంచు ఇంకా మా నెత్తిన కూలలేదు. ఈ వారం గడిచేలోపు ఈ మూడిట్లో ఏదో ఒకటి జరుగుతుందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మా ఆయన ఆర్వి ఎలా ఉన్నాడని నువ్వు అడగవు, అయినా చెబుతాను. పడిపోయిన కుడిచెయ్యీ కుడికాలూ అలాగే ఉన్నాయి. నాలుకకి ఏమీ కాలేదు, మాట్లాడగలడనే చెప్పింది డాక్టరమ్మ. కానీ ఆ జబ్బు చేసిన శరదృతువు నుంచి ఇప్పటిదాకా "ఊఁ", "ఊహూఁ" తప్ప ఇంకో మాట లేదు. కుర్చీలో కూర్చుని కిటికీలోంచి సరస్సుకేసి చూస్తుంటాడు.

ఊలు పట్నానికి, నీకు ఫోను చేద్దామనుకున్నాను. నీకు వినపడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే ఇల్లంతా వినపడుతుంది. అందుకని ఉత్తరం.

అసలు సంగతి ఇది. స్కూలు ఆవరణలో పాత సామాన్లు అమ్మకానికి పెట్టారు. అక్కడ ఒక అహ్కియో కొన్నాను. నడుముకి పట్టీ కట్టుకుని మంచు మీద లాగుతారే, అలాంటి ప్లాస్టిక్ బండి. ఆకుపచ్చది, చిన్న పడవంత ఉంది. "చిన్న గీత పడిందమ్మా, అంతే," అన్నాడు అమ్మినవాడు. ఇంటికి తెచ్చి తిరగేసి చూద్దును కదా, నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఎంతుంటుందో అంత చీలిక. గీతట! వాడి కళ్ళలో మంచు కొట్ట.

కట్టెలు తెచ్చుకోవడానికి కొన్నాను. అడవిలో పేర్చిన కట్టెలు అక్కడే ఉండిపోయాయి.

ఆర్వి పడవలకి వాడే జిగురు సామాన్ల కొట్లో మిగిలి ఉంది, రెండు డబ్బాల్లోదీ కలిపి పూసేది. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టి పూశాను. రాయిలా గట్టిపడింది. ఎంత మురిసిపోయానో. రాత్రి బయట పెట్టి పొద్దున చూస్తే, పుండు మీద పక్కు లేచినట్టు మొత్తం లేచి చేతిలోకి వచ్చింది.

నీ వయసంతా బకెట్ల ఫ్యాక్టరీలోనే గడిచింది కదా. దీనికేదైనా దారి ఉందా? లేకపోతే లేదని రాయి. లేదనే రాస్తావని నా భయం.

నీ చెల్లెలు
హిల్యా


ఊలు
ఫిబ్రవరి

హిల్యా,

దారి ఉంది. ముందు ఏడుపు ఆపు.

ఆ జిగురులో తప్పేమీ లేదు. ఆ ప్లాస్టిక్ మైనం లాంటిది, దాని మీద ఏ జిగురూ పట్టదు. కరిగించి అతకాలి, ఇనుముకి ఇనుము అతికినట్టు. కానీ ఏ రకం ప్లాస్టిక్కో తెలియకుండా వేడి ముట్టించకు.

అంచు నుంచి చాకుతో గోరంత ముక్క చెక్కు. నీళ్ళలో వెయ్యి. మునిగిందా, బండి పారెయ్, నాకు రాయకు. తేలిందా, పటకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చు, బయట, గుమ్మానికి దూరంగా. ఆర్పిన కొవ్వొత్తి వాసన వస్తే అది మా బకెట్ల సరుకే. అప్పుడు మిగతాది చెబుతాను.

నేను చెప్పేదాకా దానికి ఇంకేమీ చెయ్యకు. నువ్వు ఊరుకోవని తెలుసు, అందుకే రాస్తున్నాను. ఏమీ చెయ్యకు.

మీ ఆయన ఎలా ఉన్నాడని నేను అడగనన్నావు. అవును, అడగను. తన పుట్టినరోజున కాఫీ బల్ల చుట్టూ అంతమంది కూర్చుని ఉండగా ఏమన్నాడో నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం గుర్తుంది. "నేను చెక్కతో చేసిన బండ్లు నా మనవళ్ళు లాగుతారు. మా వదిన చేసిన బకెట్లన్నీ ఇప్పటికే చెత్తకుప్పలో ఉన్నాయి," అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నేను తెచ్చిన యాలకుల బన్నుల పళ్ళెం నేనే ఎత్తుకుని బస్సెక్కాను. ఆ బన్నులు నేనూ డ్రైవరూ తిన్నాం. మంచి మనిషి, రెండు తిన్నాడు.

కట్టెల కోసమన్నావు కాబట్టి చెబుతున్నాను.

రాకెల్


హౌకివారా
ఫిబ్రవరి చివర

అక్కా,

ముక్క తేలింది. కొవ్వొత్తి వాసనే వచ్చింది. ఆ రోజంతా ఇంటి చుట్టూ తిరిగి ఎక్కడైనా నిప్పు రాజుకుందేమోనని చూశాను. మోకాలి లోతు మంచులో నిప్పేం రాజుకుంటుందే అని నువ్వంటావు. ఏమో.

ఇప్పుడు ఒకటి చెబుతాను, కోప్పడకు. నువ్వు ఏమీ చెయ్యొద్దని రాశావు. ఆ ఉత్తరం నేను చేసేసిన మర్నాడు వచ్చింది.

చీలిక అంచులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉన్నాయి, కలవడం లేదు. కొంచెం వేడి తగిలితే సర్దుకుంటాయనుకున్నాను. వేడంటే మనకి ఆ ఆవిరి గదే, సౌనాయే కదా. నడుం నొప్పి వస్తే సౌనా, జలుబు చేస్తే సౌనా, తడిసిన బూట్లకి సౌనా. అమ్మ మనిద్దరినీ కన్నదీ అక్కడే. అందుకని బండిని పైమెట్టు మీద బోర్లించి, చీలిక మీద ఒక రాయి పెట్టి, పొయ్యి నిండా కట్టెలు వేసి, తలుపేసి, కాఫీ తాగడానికి వచ్చాను.

తిరిగి వెళ్ళి చూస్తే ముసలి ఆవు నడుంలా కిందికి జారిపోయి ఉంది. రాయి దానిలో గూడు కట్టుకుని కూర్చుంది.

ఓయివ వచ్చాడు, మా పక్కింటాయన. చూసి, "హిల్యమ్మా, దీన్ని ఉడకబెట్టావా, వేయించావా?" అన్నాడు. నవ్వలేకపోయాను. పాడైపోయింది కదా అక్కా? చెప్పెయ్. ఇప్పుడు ఎడమపక్కకే లాగుతోంది, తాగినవాడిలా.

మార్చి వచ్చేస్తోంది. పగలు ఎండకి కరిగి, రాత్రి చలికి మంచు పైన గట్టిపడేది అప్పుడే. తరవాత కరగడం మొదలవుతుంది.

హిల్యా


ఊలు
మార్చి మొదట్లో

ఒసే హిల్యా,

ఉత్తరం చదివి నవ్వాను, తరవాత తిట్టాను, మళ్ళీ నవ్వాను. మెట్ల మీద కూడా వినపడిందేమో, ఎదురింటావిడ తలుపు తట్టింది.

పాడైపోలేదు. వేడికి వంగినది వేడికే తిరిగి వస్తుంది. సౌనా మళ్ళీ వేడెక్కించు, ఈసారి సగమే. వెడల్పాటి చెక్కపలక నేల మీద పరిచి, మెత్తబడిన బండిని దాని మీద వెల్లకిలా పెట్టి, లోపల ఇంకో పలక వేసి నువ్వే ఎక్కి కూర్చో. చల్లబడేదాకా లేవకు. కాఫీకి వెళ్ళకు. కాఫీ తోడు తెచ్చుకో.

అతుకు సంగతి. ఆర్వి టంకం వేసే కరెంటు కర్ర నీ దగ్గర ఉంటుంది. దాని మొన ఆకురాయితో చదును చెయ్యి, చెంచా అంచులా. చీలిక రెండు కొసల్లోనూ సన్నని బెజ్జం పెట్టు. చీలిక ఎప్పుడూ మొన దగ్గరే పరిగెడుతుంది, గుండ్రని బెజ్జంలోకి వచ్చిందంటే ఆగిపోతుంది. అది మరిచిపోతే మిగిలిన పనంతా దండగ. తరవాత చీలిక పొడుగునా చాకుతో కాలవలా చెక్కు, అడుగుదాకా కాకుండా సగం లోతుకి పైగా. జిగురు మిగిలిన చోటల్లా గీకెయ్.

నింపడానికి అదే సరుకు కావాలి. ఈ ఉత్తరంతో పాటు బస్సులో ఒక పొట్లం పంపుతున్నాను. ఊళ్ళో బస్టాపు దగ్గరికి వెళ్ళి తీసుకో. మా ఫ్యాక్టరీ చేపల పెట్టెల అంచులు సన్నగా కోసి ఉంచాను. పసుపు రంగువి. నీ బండి ఆకుపచ్చ, అందం చూసుకోకు.

ఇక వేడి. కాలవ రెండు పక్కలూ నిగనిగలాడాలి, పసుపు ముక్క కూడా నిగనిగలాడాలి. రెండూ మెరుస్తున్నప్పుడే నొక్కు. ఒకటే మెరిస్తే అది అతకదు, అంటుకున్నట్టు నటిస్తుంది. పొగ వచ్చిందంటే కాలిపోయింది, గీకేసి మళ్ళీ మొదలుపెట్టు. వేడి గదిలోనే చెయ్యి. చల్లార్చడానికి మంచు పెట్టకు. దానంతట అదే చల్లారాలి. నీకు ఓపిక లేదని నాకు తెలుసు, కిటికీలు తుడుచుకుంటూ ఉండు.

రాకెల్


హౌకివారా
మార్చి, ఎండ కాసిన రోజు

అక్కా,

చేశాను.

ముందు నడుం సరిచేశాను. పలక మీద కూర్చుని నిజంగానే కాఫీ తాగాను. లేచేసరికి నా నడుం పట్టేసింది కానీ బండి నడుం తిన్నగా వచ్చింది. కొంచెం ఎడమకి లాగుతుంది ఇంకా, కొంచెమే.

పొట్లం అందింది. తాడు ముడి విప్పలేక కోశాను, నీ ముళ్ళు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

మొదటి అతుక్కి పొగొచ్చింది. ఇల్లంతా కంపు. కిటికీలు తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను. ఆర్వికి చలి పట్టుకుంటుందేమోనని దుప్పటి కప్పాను. రెండోది అంటుకున్నట్టు నటించింది, నువ్వన్నట్టే. గోరుతో లేపితే లేచింది. మూడోసారికి చెయ్యి తెలిసింది అక్కా. అంచులు తడిసినట్టు మెరుస్తాయి, అప్పుడు ముక్క దానిలోకి దిగబడుతుంది, రై రొట్టె పిండిలో వేలు దిగినట్టు. ఆ తరవాత ఆపబుద్ధి కాలేదు. చివరిదాకా పోశాను. చల్లారాక చాకు మొనతో లేపబోయాను. చాకు వంగింది.

ఇంత వయసొచ్చి నేను ఒక పని నేర్చుకున్నాను! వెంటనే భయం వేసింది, ఇంత బాగా కుదిరిందంటే ఎక్కడో తప్పు ఉండే ఉంటుందని.

ఇంకోటి అడగాలి. కట్టెలు బరువుగా ఉంటాయి కదా. ఆ బరువు ఒక పక్కకే ఉంటే? తనంతట తాను కుడికి ఒరిగిపోతూ ఉంటే? ఉన్నట్టుండి కదిలితే? మధ్య దారిలో, దగ్గర్లో ఎవరూ లేని చోట ఆ అతుకు ఊడితే నేను ఒక్కదాన్నే ఏం చెయ్యాలి? ఇలాంటివి ముందే తెలుసుకుంటే మంచిదని అడుగుతున్నాను, అంతే.

నీ
హిల్యా


ఊలు
మార్చి

హిల్యా,

కట్టెలు కుడికి ఒరగవు. కట్టెలు ఉన్నట్టుండి కదలవు. కట్టెలు దారిలో పడిపోతే మనిషి వాటిని అక్కడే వదిలేసి ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు.

ఆ బండిలో ఏం పెడుతున్నావో నాకు రాయి. నిజం రాయి. నువ్వు చిన్నప్పుడు అమ్మ పాలగిన్నె పగలగొట్టి పిల్లి మీద చెప్పినప్పుడూ ఇలాగే ప్రశ్నలు అడిగావు, "పిల్లులు గిన్నెలు పగలగొడతాయా అమ్మా?" అని.

రాకెల్


హౌకివారా
మార్చి, అదే వారం

అక్కా,

ఆర్విని పెడుతున్నాను.

ముందే చెబితే నువ్వు సాయం చెయ్యవనుకున్నాను. నువ్వు చెయ్యనన్నా సబబే. ఆ రోజు నేనూ నవ్వాను, అదీ నిజమే. ఆయన అలా అంటాడని తెలియక నవ్వాను, తరవాత నవ్వు ఆపడం ఎలాగో తెలియలేదు.

నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ఆయన తిండి తగ్గించేశాడు. చేపల పులుసు పెడితే రెండు చెంచాలు, తరవాత పళ్ళెం పక్కకి జరుపుతాడు. ఎడం చేత్తో మెల్లగా, నాకు నొప్పి కలగకూడదన్నట్టు జరుపుతాడు. మొదట్లో కసురుకున్నట్టు తోసేవాడు. అప్పుడే నయం. ఇప్పుడు దీపం వత్తి రోజూ కొంచెం కొంచెం కిందికి దించుతున్నట్టు ఉంది. ఒక్క చోట మాత్రం కళ్ళు కదులుతాయి. సరస్సు మీద గడ్డకట్టిన మంచులో బెజ్జాలు వేసుకుని కూర్చుంటారు కదా చేపలకి, వాళ్ళని చూస్తాడు. ఎవరైనా గాలం లాగితే ఆయన ఎడమచెయ్యి దుప్పటి కింద కదులుతుంది. నేను చూశాను.

ఓయివ తన మంచు మోటారు మీద తీసుకెళతానన్నాడు. ఆర్వి కళ్ళు మూసుకున్నాడు. ఆ మోత చేపల్ని తరిమేస్తుందని జీవితమంతా తిట్టాడు కదా, ఇప్పుడు దాని మీద ఎలా ఎక్కుతాడు. ఆయన చెక్క బండి ఉంది. అది ఎత్తుగా, సన్నని పట్టాల మీద ఉంటుంది. ఓయివా నేనూ కలిసి ఆయన్ని ఒకసారి పెరట్లో దాని మీద కూర్చోబెట్టి చూశాం. కుడికి ఒరిగిపోయాడు, బండితో సహా మంచులో పడ్డాడు. ఏమీ అనలేదు. తను చేసిన బండి తనని పడేసిందని ఏమీ అనలేదు అక్కా. నాకు అదే భయం వేసింది.

ప్లాస్టిక్‌ది వెడల్పుగా, లోతుగా ఉంటుంది. అందులో ఒరిగినా పడడు.

మంచు పోయేలోపు ఒక్కసారి ఆయన్ని అక్కడ కూర్చోబెట్టాలి. వచ్చే చలికాలం దాకా ఆయన ఆగుతాడని నాకు నమ్మకం లేదు. నాకు దేని మీదా నమ్మకం ఉండదని నీకు తెలుసు, కానీ ఇది అలాంటిది కాదు.

ఆ పసుపు ముక్కలు వెనక్కి పంపమంటే గీకి పంపుతాను.

హిల్యా


ఊలు
మార్చి

హిల్యా,

గీకి పంపుతావా? బుద్ధి ఉందా?

నా కోపం ఎక్కడికీ పోలేదు. దాన్ని పక్కన పెట్టాను, తరవాత చూసుకుంటాను. ఇప్పుడు పని.

కట్టెలకి చేసిన అతుకు మనిషికి సరిపోదు. నువ్వు కింద నుంచి పోశావు కదా, ఇప్పుడు లోపలివైపు నుంచి కూడా అలాగే కాలవ చెక్కి పొయ్యి. దాని మీద అడ్డంగా అరచెయ్యంత పట్టీ వెయ్యి. పట్టీ మూలలు గుండ్రంగా కత్తిరించు, పదునైన మూల ఉంటే అక్కడి నుంచే లేస్తుంది. నీ దగ్గర సరుకు అయిపోయి ఉంటుంది, ఇంకో పొట్లం పంపుతున్నాను. తాడు ఈసారి ఓయివని విప్పమను, కొయ్యకు.

తాడు కట్టే బెజ్జాలు చూశావా? చూసి ఉండవు. అందరూ పెద్ద చీలికే చూస్తారు. బరువంతా లాగేది ఆ బెజ్జాలు. అక్కడ వెంట్రుకంత గీత ఉన్నా అది కూడా అతుకు.

ఆర్వి కూర్చునే చోటు చీలిక మీద రాకూడదు, దాని వెనక రావాలి. వీపుకి గడ్డి నింపిన సంచి. కుడిపక్క దుప్పట్లు మడిచి కుక్కు. కాళ్ళ మీద రెయిన్‌డీర్ తోలు.

పరీక్ష. మీ ఆయన బరువెంతో అన్ని బంగాళాదుంప బస్తాలు వెయ్యి. బండిని రాత్రంతా బయట ఉంచాకే లాగు. వెచ్చని గదిలో గట్టిగా ఉన్నది గట్టిది కాదు, అది నీకు జిగురే చెప్పింది. ఒడ్డున మంచు పగిలి గుట్టలుగా లేచిన చోటు ఉంటుంది కదా, దాని మీదుగా లాగు. మెల్లగా కాదు. పడెయ్. పగిలితే బంగాళాదుంపలే కదా పడేది.

పగలదు.

రాకెల్


హౌకివారా
మార్చి చివర

అక్కా,

తాడు బెజ్జం దగ్గర గీత ఉంది. నువ్వు ఊలులో కూర్చుని ఎలా చూశావు? అదీ అతికాను.

లోపలి పట్టీ వేశాను. గుండ్రటి మూలలకి కాఫీ కప్పు బోర్లించి గీశాను.

బస్తాలతో పరీక్ష చేశాను. ఓయివ వెనకాలే వచ్చాడు. మంచు గుట్ట మీద నుంచి పడేస్తే అంత ఎత్తు ఎగిరి ధడేల్మని పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. "తెరువమ్మా, బంగాళాదుంపలు బతికే ఉన్నాయి," అన్నాడు ఓయివ. తిరగేసి చూశాం. పసుపు గీత ఎక్కడిదక్కడే. మళ్ళీ పడేశాం. ఇంకోసారి ఓయివ సరదాకి పడేశాడు.

బండి బాగుంది. ఇక నా కాళ్ళు, గాలి, మంచు మందం, ఆర్వి ఒప్పుకోవడం, ఈ నాలుగే మిగిలాయి. ఒప్పుకోకపోతే? ఆయన్ని అడగలేదు ఇంకా. అడిగితే "ఊహూఁ" అంటాడేమోనని అడగడం లేదు.

హిల్యా


ఊలు

అడగకు. బండి కుర్చీ పక్కన పెట్టు. ఆదివారం గాలి ఉండదని రేడియోలో చెప్పారట, ఎదురింటావిడ చెప్పింది. వెళ్ళు.

రాకెల్


హౌకివారా
ఏప్రిల్, సోమవారం పొద్దున

అక్కా,

వెళ్ళాం.

బండి తెచ్చి కుర్చీ పక్కన పెట్టాను. ఆర్వి చాలాసేపు చూశాడు. ఎడం చెయ్యి చాచి, అతుకు పట్టీ మీద బొటనవేలు పెట్టి, అంచు చుట్టూ నిమిరాడు. తను చెక్కిన చెక్క నున్నగా వచ్చిందో లేదో చూసేవాడే, సరిగ్గా అలాగే. తరవాత కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది, ఓయివ మోటారుకి మూసుకున్నట్టే మూసుకున్నాడు అనుకున్నాను. పోనీలే, వంటింట్లోకి వెళ్ళి పని చూసుకుందాం అని వెనక్కి తిరిగాను. సాయానికి వచ్చి ఉన్న ఓయివ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆర్వి ఎడం చెయ్యి పైకెత్తి ఉంచాడు, ఎత్తుకోమన్నట్టు ఓయివ మెడకేసి.

ఒడ్డుదాకా ఓయివ తోడు వచ్చాడు. "ఇది పగిలిందంటే ఆర్వీ, నిన్ను బస్తాలో వేసుకుని మోస్తాను," అన్నాడు. ఆర్వి ముక్కుతో గాలి వదిలాడు. అంతే.

అక్కడి నుంచి నేను ఒక్కదాన్నే లాగాను. పైపొర అద్దంలా గట్టిగా ఉంది. పట్టీ నడుముకి పట్టుకుంది, మొదట్లో అడుగు పడలేదు, తరవాత దానంతట అదే వచ్చింది. ఎండకి సరస్సు మీది మంచుగడ్డ మూలిగింది, పొడుగ్గా, ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా. మూలిగిన ప్రతిసారీ ఆగి వెనక్కి వెళ్ళి బండి చుట్టూ తిరిగి చూశాను. ఎన్నిసార్లు ఆగానో నాకే సిగ్గేసింది. అతుకు చెక్కుచెదరలేదు. ఆర్వి నా వంక చూసి, తల తిప్పి సరస్సు వంక చూశాడు.

సగం దూరం పోయాక ఒక చోట ఆగాను. చేతి బరమా తీసి మంచులో బెజ్జం వెయ్యడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ ఆయన వేసేవాడు, నేను కాఫీ పోసేదాన్ని. బరమా జారింది, మళ్ళీ పెట్టాను, తిప్పాను.

"అక్కడ కాదు."

తుప్పు పట్టిన తలుపులా వచ్చింది గొంతు. నేను తిప్పడం ఆపలేదు, ఓయివ వెనకాలే వచ్చాడేమో అనుకున్నాను.

"అక్కడ కాదు, మతిలేనిదానా. అక్కడ రాయి ఉంది, లోతు లేదు. ఇంతకాలం నా పక్కన కూర్చుని ఏం చూశావు? ఆ పైన్ చెట్టుకీ ఆ కొట్టుకీ గీత గియ్యి. ఆ గీత మీదికి రా. ఇంకా. ఇంకా. అంత కాదు."

అక్కా, ఆయన నన్ను తిట్టాడు. బరమా పట్టుకోవడం రాదని తిట్టాడు. బెజ్జంలో తేలే మంచుముక్కలు తియ్యలేదని తిట్టాడు. పురుగు గుచ్చిన తీరు చూసి, "అది చేపకి పెడుతున్నావా, దేవుడికి పెడుతున్నావా?" అన్నాడు. కాఫీ చల్లారిందన్నాడు. రై రొట్టె మీద వెన్న లేదన్నాడు, ఉంది, తిన్నాడు. రెండు ముక్కలు తిన్నాడు, తింటూ తిట్టాడు. నేను బరమా పట్టుకుని అలాగే నిలబడిపోయాను, కన్నీళ్ళు చెంపల మీదే గడ్డకట్టాయి. "ఏడుస్తూ నీడ వెయ్యకు బెజ్జం మీద. జరుగు," అన్నాడు.

చేపలు పెద్దవేం పడలేదు. అరచేతంతవి కొన్ని పడ్డాయి. గాలం ఎడం చేత్తో పట్టుకున్నాడు, మొదటిది జారిపోతే ఆయన అన్న మాట నీకు రాయను.

తిరిగి వచ్చేటప్పుడు అడిగాడు. "ఈ అతుకు ఎవరు వేశారు?"

"నేనే."

"నీకెవరు చెప్పారు?"

"మా అక్క."

మళ్ళీ నోరు మూసుకున్నాడేమో, నేనే చెడగొట్టానేమో అనుకుంటూ లాగాను. ఒడ్డు దగ్గరికి వచ్చేశాం.

"ఇది బండి కాదు," అన్నాడు. "తొట్టి. మీ అక్కకి రాయి, తొట్టి అన్నానని." నేను పట్టీ బిగించుకుని గట్టు మీదికి లాగుతున్నాను. వెనకనుంచి మెల్లగా, "మంచి తొట్టి," అన్నాడు. ఆ రెండో మాట రాయక్కర్లేదన్నాడు. నేను రెండూ రాస్తున్నాను.

నీ కోపం ఏం చేస్తావో నీ ఇష్టం. నేను అడగను.

ఈ పొద్దున నేను లేచేసరికి మంచం ఖాళీగా ఉంది. ప్రాణం పోయినంత పనైంది. పడ్డాడేమో, పాక్కుంటూ వెళ్ళాడేమో అని పరిగెత్తాను. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. గోడ పట్టుకుని వెళ్ళాడట. తలకి టోపీ, ఒక కాలికి బూటు, రెండోది ఒళ్ళో. ఇవాళ గాలి ఉందన్నాను. "గాలి ఉంటే ఎవరికి?" అన్నాడు.

గాలి నిజంగానే ఉంది అక్కా. నా నడుం నొప్పిగా ఉంది. మే నెలకి మంచు పోతుంది, అప్పటిదాకా రోజూ వెళ్ళాలంటాడేమో, నేను లాగగలనో లేదో. అది అడుగుదామనే కాగితం తీశాను, కానీ రాయడానికి లేదు. పిలుస్తున్నాడు.

మళ్ళీ పిలుస్తున్నాడు. పేరు పెట్టి.